ఫ్యూజు ఎవరి జేబులో ఉంటుంది

నా లెక్క తప్పదు. ఈ మాట నేను అనడం కాదు, ఎల్లారెడ్డిలో మా మోటరు వైండింగు దుకాణానికి వచ్చే రైతులు అనేవాళ్ళు. కాలిపోయిన బోరు మోటరులోంచి మాడిన తీగను పీకేసి కొత్త తీగ చుట్టడం మా పని. మోటరు విప్పడం, బిగించడం మా ఆయన వంతు. తీగ చుట్టడం నా వంతు. ఒక్కో కాయిలుకు ఇన్ని చుట్లని ఉంటుంది. అవి తగ్గితే మోటరు కొన్నాళ్ళు నడిచి, సరిగ్గా నాట్లప్పుడు కాలిపోతుంది. పక్కన ఎవరు ఏం మాట్లాడినా జవాబు చెబుతూనే లోపల లెక్క పెట్టుకుంటూ పోతాను. పద్దెనిమిదేళ్ళు అలాగే గడిచాయి. ఆ విషయంలో నాకు కొంచెం పొగరు కూడా ఉంది, దాచుకోను.

అలాంటిది, పోచారం దిక్కు నుంచి ఒక రైతు, నెల కిందట నేను చుట్టిన మోటరునే ట్రాలీ ఆటోలో తెచ్చి మా గడప ముందు దింపాడు. కాలిపోయింది. మా ఆయన విప్పి, కాయిలు కోసి, తీగలు లెక్కపెట్టి నా వంక చూశాడు.

"మూడు చుట్లు తక్కువున్నయి."

"నేను తక్కువ చుట్టుడా? మంచిగ లెక్కపెట్టు."

మళ్ళీ లెక్కపెట్టాడు. మూడు తక్కువే. ఆ రైతు ముందు నాకు తల కొట్టేసినట్టయింది. కారణం నాకు తెలుసు, చెప్పలేదు. అప్పటికే కొన్ని వారాలుగా పొద్దున బాగానే ఉండే కళ్ళు మధ్యాహ్నం దాటితే ఒక తీగను రెండుగా చూపిస్తున్నాయి. సాయంత్రానికి ఎడమ కంటి రెప్ప దుకాణం షట్టరులా సగం దిగిపోయేది. "ఏందక్కా, నిద్రొస్తుందా" అని వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. పడుకుని లేస్తే మళ్ళీ మామూలే. పని ఎక్కువై అలసిపోతున్నానని సర్దుకున్నాను.

మా అత్తకు మాత్రం అది పక్షవాతమని గట్టి నమ్మకం. "ఇయ్యాల రెప్ప, రేపు మూతి" అని భయపెట్టి, తాడ్వాయి అవతల ఎవరో పసరు పోస్తారంటే నన్ను మూడు ఆదివారాలు తిప్పింది. పసరుకు నా రెప్ప లేవలేదు కానీ అత్త మనసు కాస్త కుదుటపడింది. అంతలో నమలడం కూడా కష్టమైంది. జొన్నరొట్టె సగం తినేసరికి దవడ అలసిపోయి, గడ్డం కింద చెయ్యి పెట్టి నోరు మూసుకోవాల్సి వచ్చేది. మాట ముక్కులోంచి రావడం మొదలైంది. గయ్యిమని అరిచే నా గొంతు అలా అయ్యేసరికి మా ఆయనకు దిగులు పట్టుకుంది. మర్నాడే కామారెడ్డికి బయలుదేరదీశాడు.

కామారెడ్డిలో కళ్ళ డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన నన్ను తన వేలి వంక పైకి చూస్తూ ఉండమన్నాడు. నిమిషం కాకుండానే రెప్ప వాలింది. తర్వాత చేతి తొడుగులో ఐసు ముక్కలు వేసి, ముడివేసి, ఆ రెప్ప మీద రెండు నిమిషాలు పెట్టాడు. తీసేసరికి కన్ను బాగా తెరుచుకుంది. మా ఆయన కుర్చీలోంచి లేచాడు.

"గింతేనా సార్? ఇంట్ల ఫ్రిజ్ ఉన్నది."

డాక్టరు నవ్వి, తర్వాత నవ్వకుండా చెప్పాడు. జబ్బు కంటిది కాదట. కదలమని నరం పంపే కబురు కండరానికి సరిగా అందడం లేదట. చల్లదనానికి కాసేపు అందుతుంది, అంతే. రక్తపరీక్ష రాశాడు, ఛాతీకి స్కానింగు రాశాడు. కన్ను చూపించుకుందామని వస్తే ఛాతీ ఫొటో ఏమిటని మా ఆయన బయటికొచ్చి గొణిగాడు. ఆ ఫొటోలోనే బయటపడింది. రొమ్ము ఎముక వెనకాల, గుండెకు ముందర, నిమ్మకాయంత గడ్డ. చిన్నతనంలో అందరికీ అక్కడ ఒక గ్రంథి ఉండి పెద్దయ్యాక ముడుచుకుపోతుందట. నాకు దాని మీద గడ్డ పెరిగింది. దాని వల్లే ఒళ్ళు తన కండరాల మీద తానే తిరగబడుతోందట. మాత్రలతో కొన్ని గంటలు గడుస్తాయి కానీ గడ్డ తీయక తప్పదని, హైదరాబాద్ పొమ్మని చీటీ రాసిచ్చాడు.

హైదరాబాద్ దవాఖానలో ఆపరేషన్ చేసే డాక్టరు ఒక మేడం. నెమ్మదిగా మాట్లాడే మనిషి. కాగితం మీద నా ఛాతీ బొమ్మ గీసి రెండు దారులున్నాయని చెప్పింది. ఒకటి, రొమ్ము ఎముకను నిలువునా కోసి, రెండు వైపులకూ విప్పి గడ్డ తీయడం. రెండోది, పక్కటెముకల సందుల్లో మూడు నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి, రోబో చేతులతో తీయడం. నా ఊపిరి కండరాలు కూడా బలహీనంగా ఉన్నాయి కాబట్టి రెండోదే మేలని చెప్పింది.

"అది కరెంటుతోనే నడుస్తదా మేడం?" అని మా ఆయన అడిగాడు.

"అవును. కరెంటు పోతుందేమోనని భయం వద్దు. బ్యాటరీ ఉంటుంది, జనరేటరు ఉంటుంది."

"పోతే గాదు మేడం. వస్తే?"

ఆమెకు అర్థం కాలేదు. కరెంటు వస్తే ఏమవుతుందని భయపడే మనిషిని ఆమె అంతకుముందు చూసి ఉండదు. మా ఆయన మళ్ళీ చెప్పలేదు. సంతకం పెట్టాల్సిన కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. "చేత్తోని కోస్తే కోయించుకుంటం. మిషినితోని వద్దు."

ఆయన భయం ఏమిటో నాకు తెలుసు, అప్పటికి తెలుసుననే అనుకున్నాను. నేను కాపురానికి రావడానికి ముందు ఏడు మా బావ, అంటే మా ఆయన అన్న, కరెంటుకు పోయాడు. ఈ దుకాణం ఆయన పెట్టిందే. అప్పట్లో కరెంటు ఎప్పుడొచ్చేదో ఎప్పుడు పోయేదో తెలియదు. అందుకని రైతులు బోర్లకు ఆటో స్టార్టర్లు బిగించుకునేవాళ్ళు. కరెంటు రాగానే మనిషి మీట నొక్కకుండా మోటరు దానంతటదే మొదలవుతుంది. బావ బోరు దగ్గర తెగిన కేబులు అతుకు వేస్తుండగా కరెంటు వచ్చింది. ఎవరూ ముట్టుకోకుండానే స్టార్టరు పడింది.

అప్పటి నుంచి మా ఆయన ఆటో స్టార్టరు ముట్టడు. ఎవరి మోటరు దగ్గరికి పోయినా కరెంటు వచ్చినా మోటరు దాకా రాకుండా ముందు మూడు ఫ్యూజులూ పీకి చొక్కా జేబులో వేసుకుని, బొత్తాం పెట్టుకున్నాకే పని మొదలుపెడతాడు. పని చేస్తూ కూడా మధ్యమధ్య జేబు తడుముకుంటాడు. నేను ఎన్నిసార్లు ఎగతాళి చేశానో. ఇప్పుడు ఆ లెక్కే నా ఛాతీకి కూడా వేశాడు. మిషను చేతులు లోపల ఉండగా కరెంటు పోయి వస్తే, అది దానంతటదే కదులుతుందని ఆయన భయం. మా పని చేసేవాళ్ళకు తప్ప ఇంకొకరికి ఈ అనుమానం రాదు.

సంతకం నేను పెట్టినా చెల్లేది. పెట్టలేదు. నిజం చెప్పాలంటే నాకూ భయమే. ఆయన వద్దనడం నాకు మంచి సాకయింది. తప్పంతా ఆయన మీద తోసి, మాత్రలు వేసుకుంటూ రెండు నెలలు గడిపాను. మాత్ర పనిచేసే గంటల్లో కాయిళ్ళు చుట్టేదాన్ని, పని చేయని గంటల్లో గోడకు తల ఆనించి కూర్చునేదాన్ని. ఆ గంటలు పెరుగుతూ పోయాయి.

ఒక సాయంత్రం దుకాణంలో నీళ్ళు తాగుతుంటే ముక్కులోంచి వచ్చాయి. తల మెడ మీద నిలబడలేదు. ఊపిరి లోపలికి పోతోంది కానీ సరిపోవడం లేదు. అరుద్దామంటే గొంతు లేదు. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి దాకా కారులో మా అత్త నా తలను రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది, దారి పొడవునా చేతులు మార్చలేదు. కామారెడ్డిలో ఆక్సిజన్ పెట్టి, అంబులెన్సులో హైదరాబాద్ పంపించారు.

అక్కడ కొన్ని రోజులు నా రక్తంలోంచి, కండరాల మీద తిరగబడే పాడు పదార్థాన్ని వడగట్టారు. మెల్లగా బలం వచ్చింది. తల నిలబడింది, మాట తేటపడింది. అప్పుడు మేడం వచ్చి మంచం పక్కన నిలబడింది.

"ఈ బలం కొన్ని వారాలే ఉంటుందమ్మా. మళ్ళీ తగ్గకముందే గడ్డ తీసేయాలి. ఎముక కోసి చేయాలంటే చేస్తాను, కానీ మీ ఊపిరి తట్టుకోవడం కష్టం."

మా ఆయన కాళ్ళ దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది. గొంతు వచ్చిన మొదటి రోజు కదా, దాన్నంతా ఆయన మీదే ఖర్చుపెట్టాను.

"నువ్వు పెట్టకుంటే సంతకం నేనే పెడ్త. మిషిని చేతులల్ల సస్తనని నీ భయం. రెండు నెలల సంది నీ చేతులల్లనే సస్తున్న, అది కనిపిస్తలేదా నీకు?"

 ఆయన తలెత్తి మేడం వైపు తిరిగాడు.

"ఒక్క మాట అడుగుత మేడం. ఫ్యూజు ఎవరి జేబుల ఉంటది?"

మేడం నవ్వుతుందనుకున్నాను. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. "నాకు అర్థమయ్యేలా చెప్పండి. తొందరేం లేదు" అంది. అప్పుడు ఆయన చెప్పాడు. బయట వరండాలో బెంచీ మీద మా అత్త కూర్చుని ఉంది, ఆమెకు వినపడకుండా గొంతు తగ్గించి చెప్పాడు.

"ఆ దినం మా అన్న బోరు కాడుండె. నన్ను స్టార్టర్ డబ్బ కాడ నిలవెట్టిండు. ఫ్యూజులు పీకి జేబుల ఏస్కో, నేను పిలిచేదాంక కదలకు అన్నడు. కరెంటు లేకుండె. పగటాల రెండు గొట్టెదాంక రాదన్నరు. లేని కరెంటుకు ఫ్యూజు పీకుడెందుకని నేను పీకలే. పక్క పొలంల రేడియోల మ్యాచ్ వస్తుండె. స్కోర్ అడిగొద్దమని పోయిన. ఐదు నిమిషాలు గూడ కాలే మేడం."

పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఈ ముక్క నేను వినలేదు. మా ఇంట్లో ఎప్పుడూ క్రికెట్ పెట్టరు. పెడితే ఆయన లేచి బయటికి పోతాడు. ఇష్టం లేదేమో అనుకున్నాను. అంతకుముందు నిమిషం దాకా ఆయన మీద ఉన్న కోపం ఎటు పోయిందో తెలియదు. ఏడుపొచ్చింది. ఆయన చెయ్యి అందితే పట్టుకునేదాన్ని, మంచం ఆ చివర ఉన్నాడు.

 మేడం ఆయనను ఓదార్చలేదు, నీ తప్పేం లేదని కూడా అనలేదు. ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పింది. అందుకే ఆమె మీద నాకు అంత గౌరవం.

"ఆ మిషను దానంతటది ఏ పనీ చేయదు. నేను తల ఆనించి లోపలికి చూసే చోటు ఒకటి ఉంటుంది. నా తల అక్కడ ఉన్నంతసేపే దాని చేతులు కదులుతాయి. తల తీశానంటే ఎక్కడివక్కడే ఆగిపోతాయి. కరెంటు పోయి వచ్చినా సరే, నేను మళ్ళీ తల పెట్టి, వేళ్ళు పెట్టి కదిపితేనే కదులుతాయి. మీరడిగే ఫ్యూజు నా దగ్గరే ఉంటుంది."

"మరి ఆమె పక్కన ఎవరుంటరు?"

"నేను ఆ గదిలోనే, నాలుగడుగుల దూరంలో కూర్చుంటాను. ఆమెను ఆనుకుని ఇంకో డాక్టరు నిలబడి ఉంటాడు. ఏదైనా తేడా వస్తే ఆ చేతుల్ని బయటికి లాగేది, తన చేత్తో అందుకునేది అతనే. ఏ ప్రమాదమూ లేదని నేను చెప్పను. గడ్డ దేనికైనా అంటుకుని ఉంటే, రక్తం ఎక్కువ పోతే, అప్పుడు ఎముక కోయాల్సి రావచ్చు. అది కూడా నేను చూసి తేల్చేదే, మిషను తేల్చేది కాదు."

"ఆ నిలవడ్డాయినె కదలడు గద?"

"కదలడు."

"ఎన్ని గంటలైనా?"

"ఎన్ని గంటలైనా."

ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. నా సంతకం కింద తన సంతకం పెడుతుంటే చెయ్యి వణికి అక్షరాలు వంకర పోయాయి. మేడం చూసి, "నా చెయ్యి ఇలా వణికినా ఆ వణుకును అది లోపలికి పోనివ్వదు" అంది. ఆ ఒక్క సంగతి ఆయనకు బాగా నచ్చింది. ఆ రోజు నాకు మూడుసార్లు చెప్పాడు.

ఆపరేషన్ గురించి నేను చెప్పగలిగింది తక్కువ. మూతికి మాస్కు పెట్టారు, పేరు అడిగారు, సగం చెప్పాను. కళ్ళు తెరిచేసరికి ఛాతీ మధ్యలో కట్టు ఉందేమోనని తడుముకున్నాను. లేదు. చంక కింద పక్కకు నాలుగు చిన్న గాట్లు, ఒక దాంట్లోంచి గొట్టం. గడ్డ ముక్కలు కాకుండా, పై పొర చిరగకుండా మొత్తం వచ్చిందట. ఎముక జోలికి పోవాల్సిన అవసరం రాలేదు. తర్వాత పరీక్షలో కూడా పక్కలకు పాకలేదని తేలింది.

ఇది జరిగి ఏడాదిన్నర. గడ్డ తీసిన మర్నాటి నుంచి రెప్ప లేస్తుందనుకున్నాను, లేవలేదు. మొదటి నాలుగు నెలలు అవే మాత్రలు, అదే వాలుడు. కోసినా ఇదేంటని మేడంతో ఫోనులో పోట్లాడాను. నెమ్మదిగా తగ్గుతుందని ముందే చెప్పాను కదా అంది. చెప్పింది నిజమే, నాకే ఓపిక లేదు. తర్వాత ఒక నెలలో సాయంత్రం ఐదు దాకా తీగ ఒక్కటిగానే కనిపించింది. ఇంకో నెలలో ఆరు దాకా. రోజుకు ఐదు మాత్రలు ఇప్పుడు రెండయ్యాయి. మొన్న కామారెడ్డిలో తీయించిన స్కానింగు శుభ్రంగా ఉంది. కాయిళ్ళు చుడుతున్నాను. మా ఆయన నేను చూడనప్పుడు నా చుట్లు మళ్ళీ లెక్కపెడుతున్నాడు. పట్టుకుని తిట్టాను కూడా. పిట్లంలో మా పుట్టింటివాళ్ళు చూడటానికి వస్తే వాళ్ళకు రోబో పనితనం గంటసేపు వివరించాడు, దాన్ని తనే బిగించినట్టు.

ఇవన్నీ ఒక ఎత్తు. ఆపరేషన్ అయిన రెండో రోజు వార్డులో జరిగింది ఒక ఎత్తు.

మా ఆయనను అన్నం తినడానికి బలవంతాన కిందికి పంపించి, అత్త నా పక్కన స్టూలు మీద కూర్చుంది. నా జుట్టు చిక్కు తీస్తూ చెప్పడం మొదలుపెట్టింది.

"నిన్న నిన్ను లోపలికి తీసుకపోయినకాడికెల్లి వాడు ఆ తలుపు కాడనే నిలవడ్డడు బిడ్డా. ఐదు గంటలు. కుర్సీలున్నయి, కూసోలే. వాచ్‌మెన్ జెప్పిండు, నేను జెప్పిన. నీళ్ళు తెచ్చిస్తే తాగలే. డాక్టరమ్మ బయటికొచ్చి మంచిగైందన్నాక గూడ కాళ్ళు ఒంగలే వాడికి."

 ఆయన నాతో, మేడంతో చెప్పింది ఆమెకు చెప్పే హక్కు నాది కాదు. అత్త దువ్వెన ఆపింది.

"వాడెందుకు కూసోలేదో నాకు ఎరుకనే. పెద్దోడు పోయిననాడు వీడు స్టార్టర్ కాడ లేడు. పక్క పొలపాయినె పదో దినం గాకముందే వచ్చి నాతోని చెప్పిండు."

 ఇన్నేళ్ళుగా ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకుని తింటూ, ఒకరు చెప్పలేక, ఇంకొకరు తెలిసీ అడగక.

"మరి గిన్నేండ్లు ఒక్కమాట గూడ అడగలేదేంది అత్తా?"

"ఏమని అడుగుదు? అడిగితే వాడు నా ముందట బతుకుతుండెనా? ఒకడు పోనే పోయిండు. ఉన్నోడన్న ఇంట్ల ఉండాలె గద."

అని మళ్ళీ జుట్టు దువ్వసాగింది. గట్టిగా, పాయలు లాగి, అలవాటుగా.

ఆయన అన్నం తిని వచ్చాడు. వచ్చి మంచం కాళ్ళ దగ్గర కమ్మీ పట్టుకుని, రోజూలాగే నిలబడ్డాడు. పక్కన ఖాళీ స్టూలు ఇంకొకటి ఉంది. అత్త జడ చివర రిబ్బను ముడివేసింది. తలెత్తకుండానే ఆ స్టూలును కాలితో ఆయన వైపు జరిపింది.

"నిలవడ్డది చాలు బిడ్డా" అంది. "గిన్నేండ్లు నిలవడ్డవు. ఇగ కూసో."

ఆయన తల్లి ముఖం చూశాడు, తర్వాత నా ముఖం చూశాడు. నేను చెప్పలేదని తల అడ్డంగా ఊపాను. చాలాసేపు కమ్మీ వదల్లేదు. తర్వాత వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.